ఎన్‌బీఏ కుర్రాణ్ని జీ లీగ్‌కి పంపాలా, బెంచ్ మీదే ఉంచాలా: వీడియో గదిలోంచి ఒక పద్ధతి

ఇరవయ్యేళ్ల కుర్రాడు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోకి వచ్చి రొటేషన్‌లో (ఆటలో మార్చి మార్చి దింపేవాళ్లలో) చోటు దొరక్క కూర్చుంటే అభిమానులు రెండుగా చీలిపోతారు. "గట్టు మీద కూర్చుంటే ఈత వస్తుందా, జీ లీగ్‌కి పంపండి" అంటారు కొందరు; జీ లీగ్ అంటే ఎన్‌బీఏ జట్ల కింది స్థాయి లీగ్. "అక్కడ ఎవరి మీద ఆడతాడు, పెద్దవాళ్ల పక్కనే ఉండనివ్వండి" అంటారు మిగతావాళ్లు. ఈ రెండు మాటలూ నాకు ఆఫీసులో కూడా వినిపిస్తుంటాయి. నా ఉద్యోగం ఒక జీ లీగ్ జట్టు వీడియో గదిలో. ఆటల్లోంచి క్లిప్పులు కోసి కోచ్‌ల ల్యాప్‌టాప్‌లకి ఎక్కించడం పని. పైనుంచి, అంటే ఎన్‌బీఏ నుంచి, వచ్చిన కుర్రాళ్లు బాగుపడి వెళ్లడం చూశాను, వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లడం కూడా చూశాను. ఎన్ని నిమిషాలు ఆడాడు అనేది నేను అనుకున్నంత తేడా తేలేదు. ఆ నిమిషాల్లో ఏ పని చేశాడు అనేదే తేడా తెచ్చింది.

మీరు కోచింగ్‌లోకి రావాలనుకునేవారు కావచ్చు, సొంత జట్టు రూకీ (మొదటి ఏడాది ఆటగాడు) మీద బెంగ పెట్టుకున్న అభిమాని కావచ్చు. ఆ కుర్రాడు మీ చేతిలోనే ఉన్నాడనుకుని చదవండి.

ముందు ఒక కాగితం తీసుకోండి

పంపాలా వద్దా అనేది తర్వాత చూద్దాం. అంతా అనుకున్నట్టే జరిగితే రెండేళ్ల తర్వాత ఈ కుర్రాడు మన జట్టులో ఏం చేస్తూ ఉంటాడో రాయండి. "స్కోరర్", "ఎనర్జీ ప్లేయర్" లాంటి మాటలు పనికిరావు, అవి ఎవరికైనా అతుకుతాయి. ఇలా ఉండాలి: "కార్నర్‌లో నిలబడతాడు. బంతి చేతికొచ్చిన అర సెకనులో షూట్ చేయాలా, డ్రైవ్ చేయాలా, పాస్ ఇవ్వాలా తేల్చుకుంటాడు. అవతలి జట్టులో రెండో మంచి వింగ్‌ని (కోర్టు పక్కల్లో ఆడేవాణ్ని) కాస్తాడు. మన షాట్ పడకపోతే రీబౌండ్ కోసం లోపలికి దూరకుండా వెనక్కి పరిగెడతాడు." నాలుగైదు వాక్యాలు చాలు.

చూడ్డానికి చిన్న పనే గానీ చాలామంది దీన్ని దాటేస్తారు. రాస్తే ఒక విషయం ఒప్పుకోవాల్సి వస్తుంది మరి: కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ చివర్లో వచ్చినవాళ్లలో ఎక్కువమంది జట్టు ముందుగా బంతి ఇచ్చేవాళ్లు కారు. నాలుగోవాడో ఐదోవాడో అవుతారు, అదీ మంచి కెరీరే. ఈ కాగితం ఏజెంట్‌కి నచ్చదు, కుర్రాడికి అంతకన్నా నచ్చదు. అయినా సీజన్ మొదట్లోనే కూర్చోబెట్టి చూపించండి. డిసెంబర్‌లో చూపిస్తే శిక్షలాగా ఉంటుంది.

ఆ కాగితం ఎలా పనిచేస్తుందో చూడాలంటే డంకన్ రాబిన్సన్‌ని చూడండి. 2018 డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ తీసుకోలేదు. మయామీ టూ-వే (ఎన్‌బీఏ, జీ లీగ్ రెండింట్లో ఆడే) కాంట్రాక్ట్ ఇచ్చి, 2018-19లో ఎక్కువగా తన జీ లీగ్ జట్టు సూ ఫాల్స్ స్కైఫోర్స్‌కి ఆడించింది. పైన ఏ పని ఉంటుందో కింద కూడా అదే పని: స్క్రీన్‌ల (అడ్డుగా నిలబడే సహచరుల) చుట్టూ పరిగెత్తడం, బంతి పట్టగానే త్రీ (మూడు పాయింట్ల షాట్) వేయడం. మరుసటి సీజన్‌లో మయామీ స్టార్టర్‌గా అతనికి 270 త్రీలు పడ్డాయి, జట్టు 2020 ఫైనల్స్ దాకా వెళ్లింది. కింద అతను కొత్తగా ఏదో అయిపోలేదు. తన పనే వేలసార్లు చేశాడు, అదీ ఫలితం లెక్కలోకి వచ్చే ఆటల్లో.

కిందికి పంపి స్టార్‌ని చేయకండి

ఎక్కువ జట్లు ఇక్కడే దెబ్బతింటాయి. నేను పక్కపక్కన పెట్టి చూసిన రెండు క్లిప్పుల గురించి చెబుతాను. ఒకే కుర్రాడు, ఒకే వారం.

మొదటిది పైన, ఎన్‌బీఏ ఆటలో. బంతి నడిపే గార్డ్ కుడివైపు పిక్ అండ్ రోల్ (సహచరుడు అడ్డు నిలబడి, తర్వాత రింగ్ వైపు దూసుకెళ్లే ఎత్తు) ఆడుతున్నాడు, మనవాడు ఎడమ కార్నర్‌లో ఉన్నాడు. రోల్ అవుతున్న బిగ్‌ని (పొడవాటి ఆటగాణ్ని) అడ్డుకోడానికి మనవాణ్ని కాస్తున్న డిఫెండర్ రెండడుగులు పెయింట్‌లోకి (రింగ్ ముందున్న చోటులోకి) వచ్చాడు. పాస్ సరిగ్గా కార్నర్‌కి వచ్చింది. డిఫెండర్ తిరిగి పరిగెత్తుకొస్తున్నాడు. మనవాడు బంతి పట్టుకున్నాడు, నడుము దగ్గరికి దించాడు, రింగ్ వైపు చూశాడు, ఒక్కసారి నేలకి కొట్టాడు. ఈలోగా డిఫెండర్ ఎదురుగా నిలబడ్డాడు. బంతి మళ్లీ గార్డ్ చేతికి పోయింది, షాట్ క్లాక్‌లో ఏడు సెకన్లు మిగిలాయి. బాక్స్ స్కోర్‌లో దీని జాడే ఉండదు. మిస్ కాదు, టర్నోవర్ కాదు. కానీ కోచ్ చూశాడు. తర్వాత విజిల్ పడగానే కుర్రాడు బెంచ్ మీద ఉన్నాడు.

రెండోది కింద, మా కోర్టులో. బంతి తనే తెచ్చుకున్నాడు, స్క్రీన్ పిలిచాడు, మూడు డ్రిబుల్స్ వేసి ఎల్బో (ఫ్రీ త్రో గీత మూల) దగ్గర జంపర్ వేశాడు, పడింది. ఆ రాత్రి ముప్పై పాయింట్లు దాటాడు, ఫోన్లలో హైలైట్స్ తిరిగాయి. కార్నర్‌లో నిలబడి పాస్ అందుకున్న పొజెషన్లు ఏరుదామని ఆ ఆటంతా వెతికితే చూపించడానికి ఒక్క క్లిప్ కూడా దొరకలేదు. పైన అతన్ని దింపేసిన తప్పు దిద్దుకునే అవకాశం ఆ ముప్పై పాయింట్ల ఆటలో ఒక్కసారి కూడా రాలేదన్నమాట. తిరిగి పైకి వెళ్లాక మళ్లీ అదే కార్నర్, అదే తడబాటు.

అందుకే కాగితం మీద రాసిన పని జీ లీగ్ కోచ్ దగ్గర కూడా ఉండాలి. నాకు నచ్చిన ఏర్పాటు ఇది: ఆటలో ఎక్కువ భాగం కుర్రాడు పైన చేయబోయే పనే చేస్తాడు. రెండో క్వార్టర్ మొదట్లోనో, నాలుగో క్వార్టర్ మొదట్లోనో ఐదారు నిమిషాలు బంతి అతనికి ఇస్తారు. తప్పులు చేయనిస్తారు, సైడ్‌లైన్ నుంచి అరవరు. పని నేర్చుకోవడం ఒకవైపు, ఇంకా ఏముందో తవ్వి చూడడం ఒకవైపు. రెండూ కలిపి "అంతా నీ ఇష్టం" అంటే రెండూ జరగవు.

పైన బంతితో ఉండబోయే గార్డ్‌ల సంగతి వేరు. జోర్డన్ పూల్ 2019 డ్రాఫ్ట్‌లో 28వ పిక్. 2021లో జీ లీగ్ సీజన్ మొత్తం ఓర్లాండోలో బబుల్‌లో (బయటివాళ్లు రాని ఒకే చోట) జరిగినప్పుడు గోల్డెన్ స్టేట్ అతన్ని సాంటా క్రూజ్ జట్టుతో పంపింది. అక్కడ బంతి అతని చేతిలోనే ఉంది, ఎందుకంటే పైన కూడా అతని పని అదే కాబోతోంది. తిరిగొచ్చాక రొటేషన్‌లో నిలబడ్డాడు. 2021-22లో సగటు 18.5 పాయింట్లు, ఆ ఏడాది జట్టు టైటిల్ గెలిచింది. పైకి చూస్తే ముప్పై పాయింట్ల కుర్రాడి కథ, పూల్ కథ ఒకేలా ఉంటాయి. కాగితాన్ని దగ్గర పెట్టుకుని చూస్తే కావు.

బిగ్‌ల విషయంలో పాదాలు చూడండి

బిగ్‌లని కిందికి పంపడం మంచిదేనని నా అభిప్రాయం. రూడీ గోబేర్ 2013లో 27వ పిక్, రూకీ సీజన్‌లో యూటా అతన్ని బేకర్స్‌ఫీల్డ్ జామ్‌కి పంపింది. అప్పట్లో ఆ జట్టు చాలా ఎన్‌బీఏ జట్లకి ఉమ్మడిది, ఇప్పటిలా ఒక్కో జట్టుకి సొంత జీ లీగ్ జట్టు ఉండేది కాదు. క్లింట్ కపేలా హ్యూస్టన్ జట్టు రియో గ్రాండే వ్యాలీ వైపర్స్‌కి ఆడాడు. ఐజయా హార్టెన్‌స్టైన్ అదే వైపర్స్‌తో 2019లో టైటిల్ గెలిచి ఫైనల్స్ ఎంవీపీ అయ్యాడు, 2025లో ఓక్లహోమా సిటీతో ఎన్‌బీఏ టైటిల్ కూడా గెలిచాడు. పెద్ద శరీరాలు మెల్లగా తయారవుతాయి. ఫౌల్ చేయకుండా నిలబడడం ఆటల్లో తప్ప రాదు.

కానీ ఒక చిక్కుంది. డ్రాప్ డిఫెన్స్‌లో బిగ్ వెనక్కి తగ్గుతూ గార్డ్‌నీ, రోలర్‌నీ ఇద్దర్నీ చూసుకోవాలి. పైన గార్డ్ రెప్పపాటులో లాబ్ (రింగ్ దగ్గరికి ఎత్తు పాస్) వేస్తాడు. కింద గార్డ్ చాలాసార్లు తనే షాట్ వేస్తాడు. అతనికీ కాల్-అప్ (ఎన్‌బీఏ నుంచి పిలుపు) కావాలి, స్కౌట్లు గ్యాలరీలో కూర్చుని చూస్తున్నారు. దాంతో మన బిగ్ ఒక అడుగు ఆలస్యంగా ఉన్నా ఏమీ కాదు, పైపెచ్చు ఆ షాట్ మిస్సయితే రీబౌండ్ అతని ఖాతాలో పడుతుంది. స్టాట్ షీట్‌లో మంచి ఆట, ఫిల్మ్‌లో తప్పు. అందుకే బిగ్‌ల క్లిప్పులు చూసేటప్పుడు నేను బంతి దగ్గర ఆపను. గార్డ్ స్క్రీన్ దాటిన క్షణంలో ఆపి, బిగ్ పాదాలు ఎక్కడున్నాయో, చేతులు పైకి ఉన్నాయో లేదో చూసి మార్కు వేస్తాను. తర్వాత బుట్ట పడిందా లేదా అన్నది ఆ మార్కులో కలపను.

ఫ్రీ త్రోల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, చాలామందికి తెలీదు. 2019-20 నుంచి జీ లీగ్‌లో ఫౌల్ అయితే రెండు, మూడు త్రోలు ఉండవు, ఒక్కటే. ఆ ఒక్కదాని విలువే రెండో మూడో పాయింట్లు. నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో, ఓవర్‌టైమ్‌లో మాత్రం మామూలు పద్ధతి. ఆట త్వరగా అవుతుంది, బాగానే ఉంటుంది. కానీ ఫ్రీ త్రోలు బాగుపడాలని పంపిన బిగ్‌కి లైన్ దగ్గర అనుభవం సగానికి సగం పోతుంది. మొదటిది మిస్సయ్యాక రెండోదానికి ఊపిరి పీల్చుకుని నిలబడడం అనేది అసలు రానేరాదు. అలాంటి కుర్రాడుంటే ప్రాక్టీస్‌లో స్ప్రింట్ పెట్టించి, ఆయాసంలో రెండేసి చొప్పున వేయించండి. జంటల లెక్క రాయండి: రెండూ పడ్డవి, ఒకటే పడ్డవి, రెండూ పోయినవి.

బెంచ్ ఎప్పుడు మంచిది

బెంచ్ అంటే టైమ్ వేస్ట్ అనేవాళ్లతో నేను ఏకీభవించను. కోబీ బ్రయంట్ రూకీ సీజన్‌లో ఆటకి సగటున 15.5 నిమిషాలే ఆడాడు. జిమ్మీ బట్లర్ 2011లో 30వ పిక్, మొదటి ఏడాది షికాగోలో ఆడిన ఆటల్లో సగటు 8.5 నిమిషాలు. బట్లర్ కాలేజీలో నాలుగేళ్లు ఆడి, డిఫెన్స్ నేర్చుకుని వచ్చాడు. అతనికి కావాల్సింది ఆటలకన్నా ఎక్కువగా లూవోల్ డెంగ్ లాంటివాడి మీద రోజూ ప్రాక్టీస్‌లో తలపడడం. అలాంటి కుర్రాణ్ని ఉంచుకోండి.

జెర్మైన్ ఓనీల్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1996లో హైస్కూల్ నుంచి నేరుగా 17వ పిక్‌గా పోర్ట్‌లాండ్‌కి వచ్చాడు. అప్పటికి జీ లీగ్ లేదు, దాని మాతృక మొదలైందే 2001లో. రషీద్ వాలెస్, సబోనిస్ లాంటివాళ్ల వెనక నాలుగు సీజన్లు కూర్చున్నాడు. 2000లో ట్రేడ్‌లో ఇండియానా వెళ్లాడు. మొదటి సీజన్‌లోనే 12.9 పాయింట్లు, 9.8 రీబౌండ్లు, 2002లో మోస్ట్ ఇంప్రూవ్డ్ ప్లేయర్, ఆరుసార్లు ఆల్-స్టార్. బెంచ్ అతన్ని పాడు చేయలేదు, రోజూ ప్రాక్టీస్‌లో అంత పెద్దవాళ్లతో గుద్దుకుని నేర్చుకున్నాడు. నష్టపోయింది పోర్ట్‌లాండ్. తమ దగ్గర ఏముందో ఆటల్లో చూసుకోకుండానే చేయి జారవిడిచింది.

బెంచ్ మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే: కుర్రాడు ఎదిగినా మనకి కనపడడు. ఇప్పటి కాంట్రాక్టుల్లో ఇది మరీ ముఖ్యం. మొదటి రౌండ్ రూకీకి మొదటి రెండేళ్లు గ్యారంటీ, మూడు, నాలుగు ఏళ్లు జట్టు ఆప్షన్, అంటే ఉంచుకోవాలా వద్దా అనేది జట్టు ఇష్టం. మూడో ఏడాది ఆప్షన్‌ని రెండో సీజన్ మొదట్లో, అక్టోబర్ 31లోగా తేల్చాలి. అంటే చేతిలో ఉండేది ఒక్క సీజన్ ఫిల్మ్. ఆ సీజన్‌లో అతను ఆడిందంతా ఇరవై పాయింట్ల తేడాతో ఓడిపోతున్న ఆటల చివరి మూడు నిమిషాలైతే, మీరు దేన్ని చూసి సంతకం పెడతారు?

ఇంకొకటి, ఓనీల్ కాలం ప్రాక్టీసులు ఇప్పుడు లేవు. ఆరు నెలలు కూడా నిండకుండానే 82 ఆటలు, మధ్యలో ప్రయాణాలు, వరస రోజుల్లో రెండు ఆటలు. స్టార్టర్లకి విశ్రాంతి ఇవ్వాలి కాబట్టి సీజన్ నడుస్తుండగా నిజమైన ఐదుగురు-ఐదుగురు ప్రాక్టీస్ అరుదు. జీ లీగ్‌లో 50 ఆటలే, ప్రాక్టీస్ రోజులు ఎక్కువ.

కాబట్టి బెంచ్ మీద ఉంచుకుంటే బెంచ్‌కి కూడా పని ఇవ్వండి. ప్రతి ఆటకి ముందు ఒక అవతలి ఆటగాణ్ని అప్పగించండి. అతను పిక్ అండ్ రోల్‌లో ఎడమకి వెళ్తున్నాడా, కుడికా, ఏ చేత్తో ఫినిష్ చేస్తున్నాడు అని హాఫ్‌టైమ్‌లో డెవలప్‌మెంట్ కోచ్ అడగాలి. అడుగుతారని తెలిస్తేనే చూస్తాడు, లేకపోతే చూసేది స్కోర్‌బోర్డే. ఆడనివాళ్లంతా మరుసటి రోజు ముగ్గురు-ముగ్గురు, కుదిరితే నలుగురు-నలుగురు ఆడాలి, ఊపిరి ఆడనంత గట్టిగా. చాలా జట్లు దీన్ని స్టే-రెడీ గేమ్ అంటాయి. అసిస్టెంట్ కోచ్‌లు కూడా బూట్లు కట్టుకుని దిగుతారు. దాన్ని కూడా వీడియో తీయించండి. కెమెరా ఉంటే కుర్రాళ్లు డిఫెన్స్ ఆడతారు, ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

ఎవరిని పంపాలి, ఎంతకాలం

పైన ఆటకి పన్నెండు, పదిహేను నిమిషాలు నిజంగా, అంటే స్కోరు దగ్గరగా ఉన్నప్పుడు దొరుకుతుంటే ఉంచేయండి. అంతకన్నా తక్కువైతే పంపండి. నా గీత అది. బిగ్‌లకైతే ఇంకొంచెం తొందరగా పంపుతాను.

దూరం కూడా చూసుకోవాలి. లేకర్స్ జీ లీగ్ జట్టు సౌత్ బే, లేకర్స్ ప్రాక్టీస్ చేసే ఎల్ సెగుండో భవనంలోనే ఆడుతుంది. శాక్రమెంటో నుంచి స్టాక్టన్ కారులో గంట ప్రయాణం. ఇలాంటి చోట్ల పొద్దున పైన ప్రాక్టీస్, సాయంత్రం కింద ఆట అన్నట్టు నడపొచ్చు. మయామీకీ సూ ఫాల్స్‌కీ మధ్య దేశం సగం ఉంది. అంత దూరమైతే రెండు రోజులకి పంపి వెనక్కి పిలవొద్దు. కుర్రాడి సగం శక్తి ఎయిర్‌పోర్టుల్లోనే పోతుంది, పైగా జీ లీగ్‌లో ప్రయాణం మామూలు విమానాల్లో. మూడు, నాలుగు వారాలు ఒకే దఫాగా పంపండి. పిలిచే తేదీ ముందే చెప్పేయండి, లేకపోతే రోజూ ఫోన్ చూసుకుంటూ ఆడతాడు.

పంపడం అవమానం అనే టెన్షన్ ఇప్పుడు తగ్గింది గానీ పోలేదు. పాస్కల్ సియాకమ్ పేరు చెప్పండి. రూకీ సీజన్‌లో టొరాంటోకి 38 ఆటలు స్టార్ట్ చేసి, తర్వాత బెంచ్‌కి, అక్కడి నుంచి రాప్టర్స్ 905కి వెళ్లాడు. 2017లో ఆ జట్టు టైటిల్ గెలిచింది, ఫైనల్స్ ఎంవీపీ అతనే. ఫ్రెడ్ వాన్‌వ్లీట్ కూడా ఆ ఏడాది 905కి ఆడాడు. 2019లో ఇద్దరూ ఎన్‌బీఏ టైటిల్ గెలిచారు.

అయితే జీ లీగ్ ఆలస్యాన్ని పూడ్చదు. జేమ్స్ వైజ్‌మన్ 2020లో రెండో పిక్, కాలేజీలో ఆడింది మూడే ఆటలు. రూకీ ఏడాది 39 ఆటలాడి మోకాలి గాయమైంది, మరుసటి సీజన్ మొత్తం పోయింది. గోల్డెన్ స్టేట్ అతన్ని సాంటా క్రూజ్‌కి గట్టిగా పంపేసరికి 2022 నవంబర్ వచ్చింది, అంటే మూడో సీజన్. 2023 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌కి ట్రేడ్ చేసేశారు. టైటిల్ కాపాడుకునే జట్టుకి ఓపిక ఉండదు. అలాంటి జట్టులో ఉన్న పచ్చి కుర్రాణ్ని మొదటి సీజన్‌లోనే పంపాలి.

నియమాలు క్లుప్తంగా. మామూలు కాంట్రాక్ట్ ఉండి, ఎన్‌బీఏలో మూడేళ్ల లోపు అనుభవం ఉన్నవాణ్ని ఎన్నిసార్లైనా పంపొచ్చు, జీతం తగ్గదు. అంతకన్నా పాతవాడైతే అతను ఒప్పుకోవాలి. టూ-వే ఆటగాళ్లు జట్టుకి ముగ్గురు. వాళ్ల జీతం రూకీ కనీస జీతంలో సగం, ఎన్‌బీఏ ఆటల్లో యాక్టివ్ లిస్ట్‌లో 50 ఆటలకి మించి ఉండకూడదు, ప్లేఆఫ్స్ ఆడకూడదు.

తిరిగి పిలిచాక మొదటి వారం జాగ్రత్త. కింద వేడి మీద ఉన్న కుర్రాణ్ని పైకి తెచ్చి నాలుగు ఆటలు కూర్చోబెడితే చేసిందంతా చల్లారిపోతుంది. పిలిచే ముందే హెడ్ కోచ్‌ని అడగండి: ఏ క్వార్టర్‌లో, ఎవరి బదులు, ఎవరి మీద? జవాబు లేకపోతే పిలవొద్దు. జవాబుంటే కింద ఆడిన ఆటల్లోంచి ఆ పనికి సరిపోయే క్లిప్పులే ఏరి కుర్రాడికి ఫోన్‌లో పంపండి. మంచివి కొన్ని, తప్పులు కొన్ని, డంక్‌లు మాత్రం వద్దు.

టూ-వే కుర్రాడైతే 50 ఆటల లెక్క జనవరి నుంచే గదిలో బోర్డు మీద ఉండాలి. ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్‌కి అతను కావాలంటే రెగ్యులర్ సీజన్ ముగిసేలోగా మామూలు కాంట్రాక్ట్‌కి మార్చాలి, దానికి పదిహేను మందిలో ఒక చోటు ఖాళీ ఉండాలి. ఫిబ్రవరి ట్రేడ్ డెడ్‌లైన్ దగ్గర జనరల్ మేనేజర్ ఆ చోటుని ఇంకెవరికో ఇవ్వకముందే ఈ కుర్రాడి ఫైలు ఆయన టేబుల్ మీద పెట్టండి.